డెబిట్ ఏ ఖాతాకు, క్రెడిట్ ఏ ఖాతాకు? జంటపద్దు విధానంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ కామర్స్ విద్యార్థులకు, చిన్న దుకాణాల్లో లెక్కలు రాసే గుమాస్తాలకు ఏళ్లుగా పద్దులు నేర్పుతున్నాను. అడిగే మనుషులు మారుతున్నారు గానీ సందేహాలు మారడం లేదు. అందుకే వాటిని, వాళ్లు అడిగిన మాటల్లోనే, ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

ప్రతి వ్యవహారాన్నీ ఒక ఖాతాకు డెబిట్‌గా, మరో ఖాతాకు క్రెడిట్‌గా రెండుచోట్ల రాయడమే జంటపద్దు విధానం. పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. జరిగిన వ్యవహారాన్ని తేదీవారీగా ముందు రాసుకునేది చిట్టా. దాన్ని ఖాతాలవారీగా విడదీసి ఎక్కించేది ఆవర్జా. ఆవర్జా నిల్వలన్నిటినీ ఒక కాగితం మీదికి తెచ్చి సరిచూసేది అంకణా. ఉదాహరణల కోసం ఒక చిన్న ఇనుప సామాన్ల దుకాణాన్ని ఊహించుకున్నాను. అంకెలు వివరణ కోసం వేసినవి.

## పుస్తకం తెరవక ముందు

డెబిట్ అంటే తీసివేత, క్రెడిట్ అంటే కూడిక అనుకోవచ్చా?

అనుకోకూడదు. ప్రతి ఖాతాకూ రెండు వైపులుంటాయి. ఎడమ వైపు రాస్తే డెబిట్, కుడి వైపు రాస్తే క్రెడిట్. ఆ మాటలకు అంతకు మించి అర్థం లేదు. అలా రాసినందువల్ల ఖాతా పెరుగుతుందో తగ్గుతుందో ఆ ఖాతా స్వభావం చెబుతుంది. నగదు, సరుకు, బల్లలు, బీరువాల వంటి ఆస్తులు డెబిట్ చేస్తే పెరుగుతాయి. అప్పులు, యజమాని పెట్టిన మూలధనం క్రెడిట్ చేస్తే పెరుగుతాయి. ఖర్చులు డెబిట్ వైపు, ఆదాయాలు క్రెడిట్ వైపు పోగవుతాయి.

"ఇది డెబిట్టా, క్రెడిట్టా?" అని అడిగితే అది సగం ప్రశ్నే. "ఏ ఖాతాకు?" అన్న మాట చేరినప్పుడే జవాబు దొరుకుతుంది. నా అనుభవంలో ఈ విద్యలో తడబడేవారిలో ఎక్కువమంది ఈ ఒక్క మాట వదిలేసినవారే.

చేతికి డబ్బు వస్తే జమ అంటాం. జమ అంటే క్రెడిట్. మరి నగదు ఖాతాకు డెబిట్ రాయమంటారేమిటి?

తెలుగులో ఆలోచించే ప్రతి ఒక్కరికీ రావలసిన సందేహమే ఇది. పాత జమాఖర్చు పుస్తకాన్ని గుర్తు చేసుకోండి. రామయ్య 500 రూపాయలు ఇస్తే "రామయ్య జమ 500" అని రాసేవారు. ఆ జమ ఎవరి పేరున పడింది? గల్లాపెట్టె పేరున కాదు, ఇచ్చిన రామయ్య పేరున. అంటే రామయ్య ఖాతాకు క్రెడిట్. సుబ్బయ్యకు 200 ఇస్తే "సుబ్బయ్య ఖర్చు 200" అనేవారు. అది పుచ్చుకున్న సుబ్బయ్య ఖాతాకు డెబిట్.

పుస్తకమే గల్లాపెట్టెది కాబట్టి గల్లాపెట్టె పేరు విడిగా రాసే అవసరం ఉండేది కాదు. జంటపద్దు విధానం ఆ రాయకుండా వదిలిన సగాన్ని కూడా రాయిస్తుంది: నగదు ఖాతా డెబిట్ 500, రామయ్య ఖాతా క్రెడిట్ 500. మన పెద్దలు రాసిన జమ నూటికి నూరుపాళ్లూ సరైనదే. జమ అన్న మాటను రామయ్య నుంచి లాక్కుని నగదుకు అంటగట్టడం వల్లనే తికమక వస్తోంది.

బ్యాంకులో డబ్బు వేస్తే పాస్‌బుక్కులో క్రెడిట్ అని పడుతుంది. నా పుస్తకంలో బ్యాంకు ఖాతాకు డెబిట్ రాయమంటున్నారు. ఏది తప్పు?

రెండూ సరైనవే. పాస్‌బుక్కు మీ పుస్తకం కాదు. బ్యాంకు తన ఆవర్జాలో మీ పేరున తెరిచిన పేజీకి అది నకలు. మీరు 10,000 రూపాయలు వేయగానే బ్యాంకు మీకు అంత బాకీ పడింది. ఇచ్చింది మీరు గనుక వాళ్ల పుస్తకంలో మీ ఖాతాకు క్రెడిట్. మీ పుస్తకంలో చూస్తే పుచ్చుకున్నది బ్యాంకు, మీకు బాకీ ఉన్నదీ బ్యాంకే. అందుకని బ్యాంకు ఖాతాకు డెబిట్.

ఏటీఎంలో డబ్బు తీసినప్పుడు ఫోనుకు "డెబిట్ అయింది" అని సందేశం వస్తుంది. అదీ బ్యాంకు వైపు మాటే. మీకు వాళ్ల బాకీ తగ్గింది. మీ పుస్తకంలో ఆ పద్దు నగదు ఖాతా డెబిట్, బ్యాంకు ఖాతా క్రెడిట్. ఉన్నదానికన్నా ఎక్కువ తీసుకునే ఓవర్‌డ్రాఫ్ట్ వాడితే పాస్‌బుక్కు డెబిట్ నిల్వ చూపుతుంది, మీ పుస్తకం క్రెడిట్ నిల్వ చూపుతుంది. అప్పుడు బాకీ ఉన్నది మీరు.

చిన్నప్పటి నుంచి మనం చూసే డెబిట్, క్రెడిట్ అన్నీ బ్యాంకు కాగితాల మీదివే కావడంతో "క్రెడిట్ అంటే డబ్బు రావడం" అని మనసులో ముద్ర పడిపోతుంది. పద్దులు నేర్చుకునే మొదటి వారంలోనే ఆ ముద్రను చెరిపేయాలి.

ఈ పేర్లు ఎక్కడివి? ఎడమ వైపే డెబిట్ ఎందుకు?

డెబిట్‌కు మూలం "బాకీ ఉండు" అనే అర్థం గల లాటిన్ ధాతువు. క్రెడిట్‌కు మూలం "నమ్ము" అనే అర్థం గలది. నా నుంచి పుచ్చుకుని నాకు బాకీ పడినవాడు డెబిట్, నన్ను నమ్మి ఇచ్చినవాడు క్రెడిట్. పేర్లు మనుషుల మధ్య అప్పుల నుంచి పుట్టి, తరవాత నగదుకు, అద్దెకు, అమ్మకాలకు విస్తరించాయి.

ఈ పద్ధతిని 1494లో వెనిస్‌లో అచ్చయిన గణిత గ్రంథంలో లూకా పాచియోలీ అనే క్రైస్తవ సన్యాసి వివరించాడు. ఆయన దాన్ని కనిపెట్టలేదు, వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్నదాన్ని రాసిపెట్టాడు. జెనోవా నగర పాలకుల 1340 నాటి జంటపద్దు లెక్కలు ఇప్పటికీ ఉన్నాయి. డెబిట్ ఎడమ వైపు ఉండాలన్నది ఆ ఇటలీ వర్తకుల నుంచి వచ్చిన ఆచారం. ఉత్తరాది వర్తకుల బహీఖాతాల్లో జమ ఎడమ వైపు, నావే (అంటే డెబిట్) కుడి వైపు ఉండేవి, ఆ లెక్కలూ చక్కగానే నడిచాయి.

మన మాటల సంగతికి వస్తే, జమ, ఖర్చు, ఆవర్జా, అనామతు వంటివి అరబ్బీ, పారశీక మూలాల నుంచి కచేరీ లెక్కల ద్వారా తెలుగులోకి వచ్చి స్థిరపడినవి.

ఒక్కసారి రాస్తే సరిపోదా? రెండుసార్లు రాయడం వృథా శ్రమ కాదా?

ఒక్కసారి రాస్తే ఏం జరిగిందో తెలుస్తుంది, ఎందుకు జరిగిందో తెలియదు. గల్లాలోంచి 8,000 పోయిందని నగదు పుస్తకం చెబుతుంది. ఆ 8,000 అద్దెకు పోయిందా, సరుకు ఇచ్చినవారి బాకీ తీర్చడానికి పోయిందా, తక్కెడ కొనడానికి పోయిందా? అద్దె అయితే లాభం తగ్గుతుంది. బాకీ అయితే అప్పు తగ్గుతుంది. తక్కెడ అయితే ఒక ఆస్తి పోయి మరో ఆస్తి వచ్చింది. రెండో పద్దు ఈ తేడాను పట్టి ఉంచుతుంది. పైగా ప్రతి మొత్తం రెండు వైపులా పడుతుంది కాబట్టి ఏడాది చివర రెండు వైపుల కూడికలు సమానం కావాలి. కాకపోతే ఎక్కడో పొరపాటు జరిగిందని పుస్తకమే చెబుతుంది.

## చిట్టా రాసేటప్పుడు

మూడు సూత్రాలూ బట్టీ పట్టాను. పద్దు ముందు కూర్చుంటే మాత్రం ఏది వాడాలో తెలియడం లేదు. ఎలా?

సూత్రాలు ఇవి. వ్యక్తిగత ఖాతాల్లో పుచ్చుకునేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్. వాస్తవిక ఖాతాల్లో, అంటే నగదు, సరుకు వంటి ఆస్తుల ఖాతాల్లో, వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్. నామమాత్రపు ఖాతాల్లో ఖర్చులు, నష్టాలకు డెబిట్, ఆదాయాలు, లాభాలకు క్రెడిట్.

సూత్రంతో మొదలుపెట్టకండి, ఖాతాలతో మొదలుపెట్టండి. ముందుగా ఈ వ్యవహారం ఏ రెండు ఖాతాలను కదిలించిందో పేర్లు రాయండి. తరవాత ఒక్కొక్కటి ఏ రకమో పక్కన రాయండి. సూత్రం చివర వస్తుంది. "గుమాస్తాకు జీతం 12,000 ఇచ్చాం" అన్న పద్దు చూడండి. కదిలినవి జీతాల ఖాతా, నగదు ఖాతా. జీతం ఖర్చు, నామమాత్రపు ఖాతా, డెబిట్. నగదు పోయింది, వాస్తవిక ఖాతా, క్రెడిట్.

ఇక్కడ చాలామంది గుమాస్తా పేరున డెబిట్ రాస్తారు, పుచ్చుకున్నది ఆయనే కదా అని. ఆయన పుచ్చుకున్నది అప్పు కాదు, చేసిన పనికి ప్రతిఫలం. తిరిగి ఇవ్వనక్కరలేని డబ్బు కాబట్టి అది జీతాల ఖాతాలో పడుతుంది. అదే గుమాస్తా 3,000 అడ్వాన్సు తీసుకుంటే ఆయన పేరునే డెబిట్ రాయాలి.

నా సొంత డబ్బే కదా పెట్టుబడి పెట్టాను. దాన్ని అప్పుల వైపు చూపిస్తారేమిటి?

లెక్కల దృష్టిలో దుకాణం వేరు, దుకాణదారు వేరు. మీరు 2,00,000 పెట్టినప్పుడు ఇచ్చినవారు మీరు, పుచ్చుకున్నది దుకాణం. దుకాణం పుస్తకంలో నగదు ఖాతా డెబిట్, మూలధనం ఖాతా క్రెడిట్. బయటివారికి ఇవ్వాల్సినవన్నీ ఇచ్చాక మిగిలేది మీకు చెందుతుంది. ఆ హక్కు ఎంతో మూలధనం ఖాతా చెబుతుంది. దుకాణం ఆస్తులెప్పుడూ బయటి అప్పులు, మూలధనం రెండూ కలిపిన మొత్తానికి సమానంగా ఉంటాయన్న సూత్రం ఇందులోంచే వచ్చింది. లాభం వస్తే మూలధనం పెరుగుతుంది, నష్టం వస్తే తగ్గుతుంది.

గల్లాలోంచి ఇంటి ఖర్చుకు తీసుకున్నాను, దుకాణంలోంచి ఒక పెయింట్ డబ్బా ఇంటికి పట్టుకెళ్లాను. ఎలా రాయాలి?

డబ్బు తీసుకుంటే సొంతవాడకాల ఖాతా డెబిట్, నగదు ఖాతా క్రెడిట్. సరుకు తీసుకుంటే సొంతవాడకాల ఖాతా డెబిట్, కొనుగోళ్ల ఖాతా క్రెడిట్. అమ్మే ధర కాదు, కొన్న ధర వేయాలి, ఎందుకంటే మీకు మీరే అమ్ముకుని లాభం పొందలేరు. ఆ సరుకు మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) తీసుకుని ఉంటే దాన్ని వెనక్కి ఇవ్వాలి.

చిన్న దుకాణాల లెక్కలు ఎక్కువగా చెడేది ఇక్కడే. రోజూ వందో, రెండు వందలో రాయకుండా తీయడంతో నెలాఖరుకు నగదు పుస్తకం, గల్లాపెట్టె కలవవు. తరవాత ఆ తేడాను "ఇతర ఖర్చులు"లోకి తోసేస్తారు. అప్పుడు దుకాణం నిజంగా ఎంత సంపాదిస్తోందో దుకాణదారుకే తెలియకుండా పోతుంది. తీసిన ప్రతిసారీ ఒక చీటీ రాసి గల్లాలో వేయండి.

అరువుకు అమ్మాను. డబ్బే రాలేదు, అప్పుడే రాయడం ఎందుకు?

అమ్మకం జరిగిపోయింది, డబ్బు రావడం వేరే సంఘటన. సరుకు ఇచ్చిన రోజున కొన్నవారి ఖాతా డెబిట్, అమ్మకాల ఖాతా క్రెడిట్. డబ్బు వచ్చిన రోజున నగదు ఖాతా డెబిట్, కొన్నవారి ఖాతా క్రెడిట్. రెండోసారి అమ్మకాల ఖాతా జోలికి వెళ్లకూడదు, వెళ్తే ఒకే సరుకును రెండుసార్లు అమ్మినట్టవుతుంది. పంట చేతికొచ్చాక చెల్లిస్తామనే రైతులకు అరువు పెట్టే ఊళ్లలో ఈ రెండు సంఘటనల మధ్య నాలుగైదు నెలలు గడుస్తాయి. మొదటి పద్దు రాయకపోతే ఆ బాకీకి మీ జ్ఞాపకం ఒక్కటే ఆధారం.

యూపీఐలో వచ్చిన డబ్బును నగదు కింద రాయవచ్చా?

వద్దు. అది నేరుగా బ్యాంకులోకి వెళ్లింది, గల్లాలోకి రాలేదు. బ్యాంకు ఖాతాకే డెబిట్ రాయండి. నగదులో కలిపితే సాయంత్రం గల్లా లెక్క కలవదు.

దుకాణానికి ఒక ఇనుప బీరువా కొన్నాను. కొనుగోళ్ల ఖాతాకే కదా డెబిట్?

అమ్మడానికి కొన్నదైతే కొనుగోళ్ల ఖాతాకు, వాడుకోవడానికి కొన్నదైతే ఫర్నిచర్ ఖాతాకు. అదే బీరువా ఫర్నిచర్ దుకాణంలో సరుకు, మీ దుకాణంలో ఆస్తి. దాన్ని తెచ్చిన ఆటో కిరాయిని కూడా ఫర్నిచర్ ఖాతాకే కలపాలి.

జీఎస్టీ బిల్లుకు నాలుగు ఖాతాలు కదులుతున్నాయి. పైగా "ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్" అంటారు, పుస్తకంలో డెబిట్ రాయమంటారు. ఎందుకు?

18 శాతం పన్ను ఉన్న సరుకు 20,000కు మీ రాష్ట్రంలోనే కొన్నారనుకుందాం. కేంద్రం వాటా సీజీఎస్టీ 1,800, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 1,800, బిల్లు మొత్తం 23,600. పద్దు ఇలా ఉంటుంది: కొనుగోళ్లు డెబిట్ 20,000, ఇన్‌పుట్ సీజీఎస్టీ డెబిట్ 1,800, ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ డెబిట్ 1,800, సరుకు ఇచ్చినవారు క్రెడిట్ 23,600. పద్దులో ఎన్ని ఖాతాలున్నా ఫరవాలేదు, రెండు వైపుల మొత్తాలు సమానమైతే చాలు.

అదే సరుకును 25,000కు అమ్మితే కొన్నవారు డెబిట్ 29,500, అమ్మకాలు క్రెడిట్ 25,000, అవుట్‌పుట్ సీజీఎస్టీ క్రెడిట్ 2,250, అవుట్‌పుట్ ఎస్‌జీఎస్టీ క్రెడిట్ 2,250. ఇన్‌పుట్ తీసేయగా ఒక్కొక్క దానిలో మీరు కట్టాల్సింది 450.

ఇక పేరు సంగతి. పన్ను పోర్టల్‌లో మీ పేరున ఉండే క్రెడిట్ లెడ్జరు ప్రభుత్వం వైపు నుంచి రాసినది, అక్కడ మీకు రావలసినది క్రెడిట్. మీ పుస్తకంలో అది ప్రభుత్వం నుంచి మీకు సర్దుబాటు కావలసిన మొత్తం, అంటే ఆస్తి, అందుకే డెబిట్. అమ్మకాల మీద ఒక చిన్న శాతాన్ని పన్నుగా కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. వాళ్లు 23,600 మొత్తాన్నీ కొనుగోళ్లకే డెబిట్ చేయాలి.

సరుకు వాపసు చేస్తే కంపెనీ నుంచి క్రెడిట్ నోట్ వచ్చింది. వాళ్ల ఖాతాకు క్రెడిట్ రాయాలా?

డెబిట్ రాయాలి. "మా పుస్తకంలో మీ ఖాతాకు క్రెడిట్ చేశాం" అని వాళ్లు తెలియజేసే చీటీ అది. 1,500 విలువైన కుళాయిలు వాపసు చేశారనుకుంటే, పన్ను సంగతి పక్కన పెట్టి, మీ పుస్తకంలో కంపెనీ ఖాతా డెబిట్ 1,500, కొనుగోలు వాపసుల ఖాతా క్రెడిట్ 1,500. మీరు వాళ్లకు ఇవ్వాల్సిన బాకీ తగ్గింది. కాగితం మీద ఉన్న మాటను చూసి చెయ్యి కదపకండి, ఆ కాగితం ఎవరి పుస్తకం నుంచి వచ్చిందో ముందు చూడండి.

చిట్టీ కడుతున్నాను. నెల నెలా ఖర్చుగా రాస్తే సరిపోతుందా?

సరిపోదు, అది ఖర్చు కాదు. తెలుగు ఊళ్లలో చిట్టీ లేని వ్యాపారి అరుదు, కానీ పాఠ్యపుస్తకాల్లో దీని ప్రస్తావన దాదాపుగా కనిపించదు. అందుకే కాస్త విడమరిచి చెబుతాను.

ఇరవై మంది, నెలకు 5,000, మొత్తం లక్ష రూపాయల చిట్టీ అనుకుందాం. మీరు పాడుకునే దాకా కట్టినదంతా మీకు రావలసిన డబ్బు, అంటే ఆస్తి. ఒక నెల 800 డివిడెండ్ వచ్చి 4,200 కట్టారనుకోండి. చిట్టీ ఖాతా డెబిట్ 5,000, నగదు క్రెడిట్ 4,200, చిట్టీ డివిడెండ్ క్రెడిట్ 800. డివిడెండ్ మీకు ఆదాయం.

అయిదు వాయిదాలు కట్టాక 20,000 తగ్గించి పాడుకున్నారు. చేతికి 80,000 వచ్చింది. బ్యాంకు డెబిట్ 80,000, చిట్టీ తగ్గింపు డెబిట్ 20,000, చిట్టీ ఖాతా క్రెడిట్ 1,00,000. ఇప్పుడు చిట్టీ ఖాతాను చూడండి. డెబిట్ వైపు 25,000, క్రెడిట్ వైపు 1,00,000, క్రెడిట్ నిల్వ 75,000. ఇంకా కట్టాల్సిన పదిహేను వాయిదాలు సరిగ్గా అంతే. నిన్నటి దాకా ఆస్తిగా ఉన్న ఖాతా పాడుకున్న రోజున అప్పుగా మారింది. ఆ మార్పు రెండు వైపుల లెక్కలో దానంతట అదే బయటపడుతుంది. ఇకమీదట కట్టే ప్రతి వాయిదా ఆ అప్పును తగ్గిస్తుంది.

బ్యాంకు రుణానికి ఈఎంఐ మొత్తం ఖర్చేనా?

వడ్డీ మాత్రమే ఖర్చు. 10,000 ఈఎంఐలో వడ్డీ 3,200 అయితే వడ్డీ ఖాతా డెబిట్ 3,200, రుణం ఖాతా డెబిట్ 6,800, బ్యాంకు క్రెడిట్ 10,000. ఏ నెలలో వడ్డీ ఎంతో బ్యాంకు ఇచ్చే వాయిదాల పట్టికలో ఉంటుంది.

## ఆవర్జా, అంకణా దగ్గర

నగదు ఖాతాలో డెబిట్ వైపు "అమ్మకాలు" అని రాస్తున్నారు. అంటే అమ్మకాలకు డెబిట్ చేసినట్టా?

కాదు. పేజీ పైన ఉన్న పేరే ఆ ఖాతా. లోపల రాసే పేరు, ఆ మొత్తం ఏ ఖాతాతో జతపడిందో చెప్పే గుర్తు. నగదు ఖాతా డెబిట్ వైపు "అమ్మకాలు 5,000" అని ఉంటే అమ్మకాల వల్ల 5,000 నగదు వచ్చిందని అర్థం. అమ్మకాల పేజీ తెరిస్తే క్రెడిట్ వైపు "నగదు 5,000" అని ఉంటుంది. ఏ పేజీ తెరిచినా అవతలి పేజీ ఏదో తెలియాలని ఈ ఏర్పాటు.

డెబిట్ నిల్వ అంటున్నారు, ఆ అంకెను క్రెడిట్ వైపు రాస్తున్నారు. ఎందుకు?

తక్కెడను తలచుకోండి. డెబిట్ వైపు మొత్తం 40,000, క్రెడిట్ వైపు 28,000. తేలికైన వైపు 12,000 పెడితే రెండూ సమానమై ఖాతా ముగుస్తుంది. ఎక్కువ ఉన్నది డెబిట్ వైపు కాబట్టి దాన్ని డెబిట్ నిల్వ అంటాం. మరుసటి నెల మొదటి రోజున అదే 12,000ను కిందికి తెచ్చి దాని అసలు చోటైన డెబిట్ వైపు రాస్తాం.

గల్లాలోని డబ్బు బ్యాంకులో వేస్తే నగదు చిట్టాలో రెండు వైపులా రాసి పక్కన "సి" అని పెడతారు. అదేమిటి?

నగదు, బ్యాంకు వరుసలు రెండూ ఒకే చిట్టాలో ఉన్నప్పుడు డెబిట్ బ్యాంకు వరుసలో, క్రెడిట్ నగదు వరుసలో పడి పద్దు అక్కడే పూర్తవుతుంది. దాన్ని ఎదురుపద్దు అంటారు. ఆవర్జాలో మళ్లీ ఎక్కించవద్దని గుర్తుగా, కాంట్రా అన్న మాటలోని మొదటి అక్షరం పెడతారు.

అంకణా కలిసింది. ఇక లెక్కలన్నీ సరైనవే కదా?

రెండు వైపులూ సమానంగా ఉన్నాయని మాత్రమే తెలిసింది. ఒక వ్యవహారాన్ని పూర్తిగా రాయడం మరచిపోయినా అంకణా కలుస్తుంది. తక్కెడ మరమ్మతు ఖర్చును తక్కెడ ఆస్తి ఖాతాకు డెబిట్ చేసినా కలుస్తుంది, లాభం మాత్రం ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే వైపున ఒక చోట వంద ఎక్కువ, ఇంకో చోట వంద తక్కువ పడినా కలుస్తుంది.

అన్నిటికన్నా మనసు కష్టపెట్టేది ఒకరి చెల్లింపు ఇంకొకరి ఖాతాలో పడడం. ఒకే ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వరరావులు అరువు ఖాతాదారులైతే ఇది తప్పక ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. డబ్బు కట్టిన మనిషిని బాకీ అడిగినప్పుడు అతనికి కలిగే అవమానం ఏ సవరణ పద్దుతోనూ పోదు. అందుకే ఖాతా పేరులో ఇంటిపేరు, ఊరు లేదా ఫోను నంబరు కూడా చేర్చమని నా విద్యార్థులకు గట్టిగా చెబుతాను.

అంకణా కలవలేదు. రాత్రంతా వెతికాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

పద్దుల నుంచి కాదు, తేడా అంకె నుంచి మొదలుపెట్టండి. ఆ అంకే దారి చూపిస్తుంది.

తేడా సరిగ్గా 1, 10, 100 లేదా 1,000 అయితే ముందు కూడికలు చూడండి. సాధారణంగా చేతిలో మిగిలిన అంకె కలపడం మరచిపోయి ఉంటారు. తేడాను సగం చేసి ఆ మొత్తం ఎక్కడైనా ఉందేమో చూడండి. తేడా 640 అయితే 320 కోసం వెతకాలి. డెబిట్ వైపు పడాల్సిన 320 క్రెడిట్ వైపు పడితే తేడా రెట్టింపవుతుంది. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తారుమారై ఉండవచ్చు. 7,450కి బదులు 7,540 రాస్తే తేడా 90. సున్నా జారిపోయినా ఇంతే, 1,200కు బదులు 120 రాస్తే తేడా 1,080. ఇవేవీ కాకపోతే తేడాకు సమానమైన మొత్తం కోసం వెతకండి. ఒక వైపే ఎక్కించిన పద్దు గానీ, అంకణాలోకి తేవడం మరచిన నిల్వ గానీ దొరకవచ్చు. మరచిపోయే నిల్వల్లో నగదు, బ్యాంకు ముందుంటాయి, అవి ఆవర్జాలో కాకుండా నగదు చిట్టాలో ఉంటాయి కాబట్టి.

అప్పటికీ దొరకకపోతే తేడాను అనామతు ఖాతాలో తాత్కాలికంగా పెట్టి పని సాగించవచ్చు. తప్పు దొరికినప్పుడు సవరణ పద్దుతో ఆ ఖాతాను మూసేయాలి. ఏళ్ల తరబడి అనామతు మోస్తున్న పుస్తకాన్ని నేను నమ్మను.

## ఏడాది చివర

ముగింపు సరుకు అంకణాలో కనిపించదేమిటి?

ఏడాది చివర అమ్ముడుపోకుండా మిగిలిన ఆ సరుకు విలువ అప్పటికే కొనుగోళ్ల ఖాతాలోనూ, ఏడాది మొదట్లో ఉన్న తొలి సరుకులోనూ కలిసి ఉంది. మార్చి 31న అరలు లెక్కపెట్టి విలువ కట్టాకే విడిగా బయటికి వస్తుంది. అప్పుడు సరుకు మీద లాభాన్ని తేల్చే వర్తకపు ఖాతాలో క్రెడిట్ వైపు, ఆస్తి అప్పుల పట్టీలో ఆస్తిగా చూపుతారు. విలువ కట్టేటప్పుడు కొన్న ధర, ఇప్పుడు అమ్మితే వచ్చే నికర ధర, ఈ రెండింట్లో తక్కువది తీసుకోవాలి.

మార్చి అద్దె ఏప్రిల్‌లో కట్టాను. ఏ ఏడాది ఖర్చు?

మార్చితో ముగిసిన ఏడాదిదే. మార్చి 31న అద్దె ఖాతా డెబిట్, చెల్లించవలసిన అద్దె ఖాతా క్రెడిట్. ఏప్రిల్‌లో కట్టినప్పుడు చెల్లించవలసిన అద్దె ఖాతా డెబిట్, నగదు క్రెడిట్.

తరుగుదలకు ఎవరికీ డబ్బు ఇవ్వలేదు. ఖర్చు ఎలా అవుతుంది?

డబ్బు ముందే ఇచ్చేశారు, కొన్న రోజున. అయిదేళ్లు వాడే 2,00,000 సరుకు బండిని కొన్న ఏడాదే ఖర్చు రాస్తే ఆ ఏడాది అన్యాయంగా నష్టంలో కనిపిస్తుంది, మిగతా నాలుగేళ్లు ఉచితంగా తిరిగినట్టుంటుంది. అందుకే ఏడాదికి 40,000 చొప్పున తరుగుదల ఖాతా డెబిట్, బండి ఖాతా క్రెడిట్. ఆదాయపు పన్ను కోసం మాత్రం శాసనం చెప్పిన రేట్లే వాడాలి, తగ్గుతున్న నిల్వ మీద.

బాకీదారు ఊరు విడిచి వెళ్లిపోయాడు. అతని ఖాతాను ఏం చేయాలి?

రాని బాకీల ఖాతా డెబిట్, అతని ఖాతా క్రెడిట్. తరవాత ఎప్పుడైనా కడితే అతని ఖాతాకు క్రెడిట్ రాయకండి, అది మూసేసిన ఖాతా. నగదు డెబిట్, వసూలైన రాని బాకీల ఖాతా క్రెడిట్. అది ఆ ఏటి ఆదాయం.

ఆస్తులకు డెబిట్ నిల్వ ఉంటుంది కదా, ఆస్తి అప్పుల పట్టీలో కుడి వైపు ఎందుకు?

ఆస్తి అప్పుల పట్టీ ఖాతా కాదు, నివేదిక. దానికి డెబిట్, క్రెడిట్ వైపులు లేవు. అప్పులు ఎడమ, ఆస్తులు కుడి అన్నది బ్రిటిష్ ఆచారం నుంచి మనకు వచ్చింది. కంపెనీలు ఇప్పుడు నిలువు నమూనాలో ఒకదాని కింద ఒకటి రాస్తున్నాయి.

లాభం మూడు లక్షలు చూపిస్తోంది. గల్లాలో డబ్బు నిరుటికన్నా తగ్గింది. లెక్క తప్పా?

తప్పు కానక్కరలేదు. లాభం, నగదు రెండు వేరు ఖాతాలు. ఏడాది లాభం 3,00,000 అనుకుందాం. తరుగుదల 20,000కు డబ్బు బయటకు పోలేదు, అది కలపండి, 3,20,000. అరువు బాకీలు 1,40,000 పెరిగాయి. అరల్లో సరుకు 90,000 పెరిగింది. బ్యాంకు రుణం అసలు 60,000 తీర్చారు. ఇంటికి 1,20,000 వాడుకున్నారు. పోయినవన్నీ కలిపితే 4,10,000. నగదు 90,000 తగ్గింది. లాభం నిజమే, అది ఖాతాదారుల ఇళ్లలోనూ, మీ అరల్లోనూ ఉంది. ఏడాదికి ఒక్కసారైనా ఈ లెక్క వేసి చూడమని ప్రతి దుకాణదారునూ బతిమాలుతాను. మంచి లాభంలో ఉన్న దుకాణాలు డబ్బు ఆడక మూతపడడం కళ్లారా చూశాను.

అన్నీ ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంది. ఇవన్నీ నేర్చుకోవడం దేనికి?

ట్యాలీ ఎక్కించడం, కూడడం, నివేదికలు తీయడం చేస్తుంది. ఏ ఖాతాను ఎంచుకోవాలో అది చెప్పదు. చెల్లింపుకు ఎఫ్5, రాబడికి ఎఫ్6 నొక్కితే డబ్బు వైపు పద్దు దారిలో పడుతుంది. అవతలి ఖాతా మీదే. ఎఫ్7 జర్నల్‌లోకి వెళ్తే రెండు వైపులూ మీరే చెప్పాలి. కొత్త ఖాతా తెరిచేటప్పుడు అది ఏ గ్రూపు కిందికి వస్తుందో తప్పుగా ఎంచితే ఖర్చు ఆస్తిగా, ఆస్తి ఖర్చుగా కనిపిస్తుంది, అయినా అంకణా కలుస్తూనే ఉంటుంది. తొలి నిల్వలు సమానంగా ఎక్కించనప్పుడు మాత్రం తేడాను విడి వరుసగా చూపిస్తుంది. ఆ వరుసను చూసీ చూడనట్టు వదిలేయకండి.

తప్పు పద్దు రాశాను. కొట్టివేసి మళ్లీ రాయవచ్చా?

కొట్టివేయకండి, తెల్ల రంగు పూయకండి. సవరణ పద్దు రాయండి. కరెంటు బిల్లు 1,800ను పొరపాటున అద్దె ఖాతాకు డెబిట్ చేస్తే ఇప్పుడు విద్యుత్ ఖర్చుల ఖాతా డెబిట్ 1,800, అద్దె ఖాతా క్రెడిట్ 1,800. కింద వివరణలో ఏ తేదీ పద్దుకు సవరణో రాయండి. కంప్యూటర్‌లో పాత పద్దు తెరిచి నిశ్శబ్దంగా మార్చే వీలున్నా, ఆ నెల లెక్కలు ఎవరికైనా చూపించాక అలా చేయకండి. కంపెనీల విషయంలో 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే సాఫ్ట్‌వేర్ వాడటం తప్పనిసరి అయింది, ఆ నమోదును ఆపివేసే వీలు కూడా ఉండకూడదు.